ముప్పై పైసల ఎస్తేరమ్మ

కొత్వాల్‌గూడ నుంచి శంషాబాద్ మీదుగా పట్నం పోయే బస్సుకు ఎస్తేరమ్మ కండక్టర్. ఆర్టీసీ సంస్థలో ఆడవాళ్లను అప్పుడప్పుడే చేర్చుకుంటున్న రోజులవి, పంతొమ్మిది వందల తొంభై ఏడు. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. భర్త ప్రేమ్ రాజ్ చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. దాని జీతం పరలోకంలో ఇస్తారట, అక్కడ బకాయిలు ఉండవని పాస్టరుగారి హామీ.

టికెట్ ధర రెండు రూపాయల డెబ్బై పైసలు. ఈ ధర కట్టిన పెద్దమనుషులు ఎన్నడూ బస్సెక్కి ఉండరు. పది పైసల బిళ్లలు బజారులో అరుదైపోయి ఏళ్లయింది. అందరూ మూడు రూపాయలే ఇస్తారు. ఎస్తేరమ్మ టికెట్ వెనుక "30 పై." అని రాసి, దిగేటప్పుడు అడగమంటుంది.

అడిగితే కదా. "ఉండనీ ఎస్తేరూ, ముప్పై పైసలకు నీ యెంబడి పడాల్నా" అంటూ కూరగాయల రుక్కమ్మ గంప నెత్తిన పెట్టుకుని దిగిపోయేది. ఆమె వెనుక మిగతావాళ్లు. ఎస్తేరమ్మకు పరాయి పైస ముట్టడం అంటే భయం. ఆ చిల్లరను చేతిరుమాలు కొసన ముడి వేసి, ఎవరివైనా మూడు రోజులవి పోగవగానే, తన పది పైసలు కలిపి రూపాయి బిళ్ల చేతిలో పెట్టేది. నిజాయితీకి ఆమె చెల్లించిన కిరాయి అది.

ఒకనాడు ఆఖరి స్టాపులో జనమంతా దిగాక చెకింగ్ వాళ్లు ఎక్కారు. సంచిలో లెక్క సరిపోయింది. రుమాలులో నాలుగు రూపాయల ఇరవై పైసలు దొరికాయి. రూలు ప్రకారం డబ్బు తక్కువైతే కండక్టర్ సొంతంగా కట్టాలి, ఎక్కువైతే దొంగ. అప్పటికప్పుడు సస్పెండ్ చేశారు. విచారణలో నేరం తేలితే ఉద్యోగం ఊడుతుంది.

విచారణ రోజు రుక్కమ్మ ఊరుకోలేదు. రోజూ అదే బస్సెక్కే కుర్మయ్యను, ఇంకో పదిమందిని వెంటేసుకుని డిపోకు వచ్చింది. వాళ్ల ఊళ్లో ఒక అలవాటుంది. సర్కారు మనిషి చేత్తో రాసిన కాగితం పారేస్తే రేపు ఏ పట్టా పోతుందోనని ఎవరూ ఏదీ పారేయరు. టికెట్లన్నీ ఇంటి చూరులో దోపి ఉంచారు. అవన్నీ తెచ్చి ఆఫీసరు బల్ల మీద పోశారు.

"పైసలు మాయి సారూ. మేమే వద్దన్నం. గివిగో, ఆమె రాసిచ్చిన చీటీలు. ఆమె దొంగైతే గిట్ల రాసిస్తదా?" అంది రుక్కమ్మ.

ఆఫీసరు శ్రద్ధగలవాడు. ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. నూట పద్నాలుగు టికెట్లు. కాగితం మీద గుణించి తలెత్తాడు.

"ముప్పై నాలుగు రూపాయల ఇరవై పైసలు అయిందమ్మా. రుమాలులో దొరికింది నాలుగు రూపాయల ఇరవై. మరి మిగతా ముప్పై రూపాయలు ఏమయ్యాయి?"

"మాకు ఇచ్చేసింది సారూ" అన్నాడు కుర్మయ్య.

"ఇచ్చినట్టు కాగితం ఉందా?"

లేదు. ఇవ్వాల్సి ఉందన్న కాగితాలే ఉన్నాయి. కుర్మయ్య మొహం చూస్తే జాలేసింది. ఎస్తేరమ్మకు వాళ్లమీద కోపమూ వచ్చింది, కాళ్లమీద పడాలన్నంత ప్రేమా వచ్చింది.

తప్పు రుజువైందన్నారు. అయితే సంస్థది మెత్తని గుండె కాబట్టి ఉద్యోగం ఉంచి, రెండేళ్లు ఇంక్రిమెంట్ ఆపి, ముప్పై రూపాయలు జీతంలో కోసుకుని, ఇకనైనా బుద్ధిగా ఉండమని కాగితం ఇచ్చారు.

మరుసటి నెలలో చిల్లర కొరత దృష్ట్యా, ప్రయాణికుల సౌకర్యార్థం టికెట్ ధరను మూడు రూపాయలకు సవరించారు.

రుక్కమ్మ మూడు రూపాయలిచ్చి టికెట్ తిరగేసి చూసింది.

"నా ముప్పై పైసలు రాయవా?"

"ఇగ లేవక్కా. మూడు రూపాయలే టికెట్."

"గట్లనా. మరి గా ముప్పై పైసలు ఎవరు తీస్కుంటున్నరు?"

"సంస్థ."

రుక్కమ్మ గంప ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. "మరి వాళ్ల రుమాలు ఎవరు ఇప్పి చూస్తరు?"

ఎస్తేరమ్మ వెనుక సీటువాళ్ల దగ్గరికి వెళ్లి టికెట్లు కొట్టసాగింది.