డాక్టరుగారి కారు ఆగిపోయింది

ఈ రోజు, మేముండే ఈ అరబ్బు దేశంలో, ఈసా టౌన్‌లో మన తెలుగువాళ్ళ చర్చి ప్రార్థన అయ్యాక డాక్టరుగారి కారు ఎంతకీ స్టార్ట్ కాలేదు. నేను హిద్‌లో గ్యారేజీ మెకానిక్‌నని అందరికీ తెలుసు. ఆయన చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"తమ్ముడూ, ఒక్కసారి బానెట్ ఎత్తి చూడవయ్యా. మనం మనం ఒకటి కదా."

ఆ మాటకి నాకు పోయిన నెల గుర్తొచ్చింది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న మా పాపని ఈయన పనిచేసే ప్రభుత్వాసుపత్రికి ఎత్తుకెళ్ళాం. బయటి దేశాలవాళ్ళు ఫీజు కట్టాలని కొత్త రూలు. కడదామంటే కౌంటర్ మూసేశారు. డబ్బు చేత్తో పట్టుకుని ఈయన గది ముందు నిలబడితే తల కూడా ఎత్తలేదు.

"రసీదు లేనిదే చూడను. మీరంతా ఇలా ఊరికే ఎగబడితే ఈ దేశం ఏమైపోవాలి? రేపు రండి" అన్నాడు. ఆయనదీ మా గుంటూరే. పాప తేరుకోడానికి వారం పట్టింది.

అందుకే ఇవాళ చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా చెప్పాను.

"తప్పకుండా చూస్తానండీ. ముందు మా గ్యారేజీలో ఫీజు కట్టి రసీదు పట్టుకురండి. ఇవాళ శుక్రవారం సెలవు కదా, మూసేసి ఉంటుంది. రేపు రండి."

ఆయన మొహం మాడిపోయింది.

ఎండలో నిలబడ్డ ఆయన భార్యనీ పిల్లల్నీ నా బండిలో రిఫాలో వాళ్ళింటి దగ్గర దింపాను. ఆయనకి మాత్రం చోటు లేదన్నాను. ముందు సీటు దారంతా ఖాళీగానే ఉంది.

పొద్దున ప్రసంగం క్షమాపణ మీదే. నేను వచ్చే శుక్రవారం నుంచి మొదలుపెడదామనుకుంటున్నాను. మీరైతే ఇవాళే క్షమించేవాళ్ళా?