ఆస్పత్రి నుంచి వచ్చాక మేం పెట్టుకున్న మనిషి

పంజాగుట్టలో కూరలు కొని అమీర్‌పేటలోని ఇంటికి నడిచి వచ్చేసరికి మా వారి ఎడమ కాలికి చెప్పు లేదు. "ఎక్కడ పడేశారు?" అంటే కిందికి చూసుకుని తెల్లబోయారు. చెప్పు జారిన సంగతే తెలియలేదట. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది. అదీ తెలియలేదు.

వారం తిరక్కుండా పాదం వాచి నల్లబడింది. టెస్టులు చేసి డాక్టరు గారు, "షుగర్ బాగా ఎక్కువుందమ్మా. ఇన్‌ఫెక్షన్ పైకి పాకితే కాలు తీసెయ్యాలి" అన్నారు. ఆపరేషన్ చేసి కుళ్లిన కండ తీశారు. కాలు దక్కింది. డిశ్చార్జి చేస్తూ ఇన్సులిన్, రోజూ డ్రెస్సింగ్, షుగర్ చూసుకునే మిషను, ఒక అటెండెంటు ఉండాలన్నారు. మిషను అమ్ముకోవడానికే చెబుతున్నారనిపించి వద్దన్నాను. అటెండెంటు విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అబ్బాయి నా మాట వినలేదు.

ఏజెన్సీ వాళ్లు యాదగిరి అనే ఆయన్ని పంపారు. మాది తెనాలి వైపు, అతనిది నల్గొండ వైపు. ముక్కూమొహం తెలియని మనిషి. వంటింటి గుమ్మం దాటితే నా కళ్లు అతని వెంటే వెళ్లేవి.

ఒక పొద్దున వచ్చి, "అమ్మా, పెద్దసారుకు చక్కరొస్తున్నదంట. జర చూడుండ్రి" అన్నాడు.

ఇక్కడివాళ్లు పంచదారను చక్కెర అంటారని నాకు తెలుసు. షుగర్ పెరిగిందంటున్నాడనుకున్నాను.

"ఊరికే ఎలా వస్తుందయ్యా, నువ్వు టీలో కలిపిస్తే తప్ప?"

"నేనేం కలుపలే అమ్మా! నా మీద గట్లెందుకు పడుతున్రు?"

కలపకపోతే అంత గాభరా ఎందుకు? పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయనకు అన్నం సగానికి తగ్గించాను. "ఆకలేస్తోందే" అంటే, "కాలు కావాలా, అన్నం కావాలా?" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయనకు ఒళ్లంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. ఫోన్ చేస్తే డాక్టరు గారు, "మింగగలుగుతున్నారా? వెంటనే పంచదార నీళ్లు పట్టించి తీసుకురండి" అన్నారు. షుగర్ మనిషికి పంచదారా? ఈయన నిజంగా డాక్టరేనా అనిపించింది. అయినా బీరువా తాళం తీసి పంచదార నీళ్లు పట్టించాను. ఆటో ఎక్కాకగాని ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

"లో షుగర్. ఇన్సులిన్ అంతే వేసి తిండి తగ్గిస్తే ఎలాగమ్మా? ముందు కళ్లు తిరగలేదా?" అన్నారు డాక్టరు గారు.

మా వెంట వచ్చిన యాదగిరి అందుకున్నాడు. "నిన్నటిసంది చక్కరొస్తున్నదనే మొత్తుకుంటున్న సార్! అమ్మ డబ్బకు తాళమేసింది."

"చక్కర్ అంటే కళ్లు తిరగడమమ్మా" అన్నారాయన నవ్వాపుకుంటూ. మళ్లీ ఆస్పత్రి అంటానేమోనని మా వారు ఆ సంగతి నాకు చెప్పకుండా యాదగిరికి చెప్పారట. మంచం మీద నుంచి, "మీ ఇద్దరి తెలుగులో నా అన్నం పోయింది" అన్నారు.

ఇప్పుడు పుండు మానింది. మెత్తటి బూట్లు వేసుకుని వీధి చివరిదాకా నడుస్తున్నారు. మిషను కొన్నాం. యాదగిరి ఇంకా వస్తున్నాడు, నేనూ ఇంకా కనిపెట్టే ఉంటున్నాను.

మీరూ ఎవరినైనా పెట్టుకుంటే మొదటి రోజే కూర్చోబెట్టి, జ్వరాన్ని, వాంతిని, కళ్లు తిరగడాన్ని వాళ్ల వైపు ఏమంటారో అడగండి. అనుమానం ఉంటే ఉండనివ్వండి. వాళ్లు చెప్పింది అర్థమయ్యేదాకా మాత్రం మళ్లీ మళ్లీ అడగండి. తిట్టేదేమైనా ఉంటే ఆ తర్వాత తిట్టండి.