పోటీలో ఉన్నది నిర్మల

కార్పొరేటర్ కావాలన్నది పాండురంగానికి ఇరవై ఏండ్ల కోరిక. హనుమకొండ చౌరస్తా వెనక అద్దాల గల్లీలో ఆయనకో మ్యాచింగ్ సెంటర్ ఉంది. పేరుకే ఆయనది, నడిపేది మాత్రం ఆయన భార్య నిర్మల. చీర కొంగు ఒక్కసారి చూస్తే చాలు, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, దానికి అతికినట్టుండే జాకెట్ ముక్క తీసి బల్ల మీద వేసేది. పాండురంగానికి ఆకుపచ్చలన్నీ ఒక్కతీరే. అందుకని ఆయన మూలన కుర్చీ వేసుకుని అర్జీలు రాసేవాడు. మోరీ పొంగిందని, వీధి దీపం ఆరిపోయిందని, చెత్త బండి వస్తలేదని. ప్రతి అర్జీకి జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టేవాడు. ఫైళ్లు ఏడయ్యాయి. మోరీ పొంగుతూనే ఉంది.

ఈసారి ఏమైనా సరే నిలబడాల్సిందేనని నాలుగు ఖద్దరు చొక్కాలు కుట్టించుకున్నాడు. ఐదో రోజు రిజర్వేషన్ల లిస్టు వచ్చింది. వాళ్ల డివిజన్ మహిళలకు పోయింది.

ఆ పూట అన్నం ముట్టలేదు పాండురంగం. జిరాక్స్ షాపు రాజమల్లు వచ్చి పక్కన కూచున్నాడు.

"గింత దానికి ఫికరెందుకే? వదినెను నిలబెట్టు. పేరు ఆమెది, పెత్తనం నీది. అంతటా గట్లనే నడుస్తాంది."

పాండురంగం ముఖం విచ్చుకుంది. కొట్లోకి పోయి, ఫాల్ ముక్కలు మడత పెడుతున్న నిర్మలకు సంగతంతా చెప్పాడు.

"నువ్వు సంతకాలు పెడితే చాలు. మోరీలు, రోడ్లు, ఆఫీసులు, అన్నీ నేనే చూసుకుంట."

"ఇరవై ఏండ్ల సంది చూసుకుంటనే ఉన్నవు గదా," అంది నిర్మల మడత ఆపకుండా. మడత పెట్టిన ముక్కను అరలో సర్ది, "సరే, నిలబడ్త," అంది.

అంత తొందరగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు.

వారం తిరక్కముందే ఫ్లెక్సీ తయారైంది. అందులో ఖద్దరు చొక్కా వేసుకుని, రెండు చేతులు జోడించి, నిలువెత్తు పాండురంగం నవ్వుతున్నాడు. కింద మూలన, రేషన్ కార్డు మీది ఫోటో అంత సైజులో నిర్మల ఉంది. నిర్మల దాన్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూసింది.

"ఏవయ్యా, గిండ్ల పోటీల ఉన్నదెవరు?"

"నువ్వే."

"మరి జనం నన్నెట్ల గుర్తుపడ్తరు? భూతద్దం పట్టుకొని తిరగాల్నా?"

ఆ ఫ్లెక్సీ ఆ సాయంత్రమే కొట్టు వెనక రేకుల మీద, చిల్లులున్న చోట, బోర్లా పడుకుంది.

ప్రచారానికి మొదటిరోజు ఇద్దరూ కలిసే పోయారు. పాండురంగం ముందు, నిర్మల వెనక. ప్రతి గడప దగ్గర ఆయనే నమస్తే పెట్టాడు, ఆయనే మాట్లాడాడు. మిర్చి బండి మల్లక్క దగ్గరికి వచ్చేసరికి పది గంటలైంది. మల్లక్క బజ్జీలు తిప్పుతూ అంతా విని, జాలి గంటె పక్కన పెట్టింది.

"నాకొకటి చెప్పు బిడ్డా," అంది నిర్మలతో. "రేపు నల్లా రాకపోతే నేను ఎవల దగ్గరికి రావాలె? నీ దగ్గరికా, ఈయన దగ్గరికా?"

పాండురంగం నోరు తెరిచాడు. నిర్మల ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నా దగ్గరికే రా అక్కా," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, నెమ్మదిగానే, "రేపటి సంది నువ్వు కొట్టు తెరువు. నేనొక్కదాన్నే తిరుగుత," అంది.

పాండురంగానికి మనసు చివుక్కుమంది. చేసేదేం లేక కొట్లో కూచున్నాడు. మొదటిరోజే ఒకావిడకు నెమలిపింఛం రంగు చీరకు చిలకపచ్చ ముక్క కోసిచ్చాడు. ఆవిడ మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. "అన్నా, నువ్వు జర ప్రచారానికే పో," అని దండం పెట్టింది. అయినా కొట్టుకు గిరాకీ తగ్గలేదు. వచ్చిన ఆడవాళ్లంతా నిర్మల సంగతులు మోసుకొచ్చేవాళ్లు. ఫలానా ఇంట్లో చాయ్ తాగిందట, ఫలానా ముసలమ్మ పింఛన్ కాగితం చదివి పెట్టిందట, తెలవనిదాన్ని తెలవదనే చెప్పిందట. ఈ చివరి మాట విని పాండురంగం తల పట్టుకున్నాడు. ఓట్లు అడిగేవాళ్లు ఎవరైనా అట్ల చెప్తారా?

పోలింగ్ నాలుగు రోజులుందనగా, పొద్దున పదింటికి గల్లీలో ఏదో గోల వినబడింది. ఆడవాళ్లు గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. "నూట పదహారు! నూట పదిహేడు!" పాండురంగం గడపలోకి వచ్చి చూశాడు. నిర్మల చీర కుచ్చిళ్లు దోపుకుని, కొట్లో బట్ట కొలిచే ఇనుప మీటరు కడ్డీతో మోరీ గట్టు కొలుస్తూ వస్తోంది. వెనక ముప్పై మంది దాకా ఉన్నారు. గల్లీ మొదట్లో నిలబెట్టిన బోర్డు మీద కొత్త మోరీ పొడవు రెండు వందల నలభై మీటర్లని రాసి ఉంది. రెండేండ్ల నుంచి అందరూ దాని పక్క నుంచే పోతున్నారు. ఏడు ఫైళ్ల అర్జీలు రాసిన పాండురంగం కూడా ఒక్కనాడు ఆగి చదివింది లేదు.

కొట్టు ముందుకు వచ్చేసరికి నిర్మల నడుం పట్టుకుని నిలబడింది. చేతిలోని సుద్దముక్క ఆయనకు ఇచ్చింది.

"వంగలేకపోతాన్న. జర గీతలు నువ్వు గియ్యి."

పాండురంగం కొట్టు అట్లనే వదిలేసి దిగాడు. ఆమె కడ్డీ జరిపినప్పుడల్లా ఆయన గీత గీశాడు. నూట ఎనభై ఆరో గీత దగ్గర మోరీ ఆగిపోయింది. అవతల మట్టి, పిచ్చిచెట్లు, చెత్తకుప్ప. బోర్డు మీది లెక్కకు యాభై నాలుగు మీటర్లు తక్కువ.

నిర్మల ఎవరినీ తిట్టలేదు. "నేను గెలిస్తే ఏ పని మొదలైనా దాని కాగితం ముందుగాల గోడకు అతికిస్త," అంది. "పని అయినంక మనమే కొలుద్దాం. నెలకోసారి, మొదటి ఐతారం, ఇక్కడనే కూచుందాం. నేను రాకపోతే ఇంటికొచ్చి గుంజుకరాండ్రి."

ఆ సాయంత్రం పాండురంగం నడుం నొప్పికి మందు రాసుకుంటూ మూడుసార్లు తనలో తానే నవ్వుకున్నాడు.

నిర్మల ఓడిపోయింది. పందొమ్మిది ఓట్ల తేడా. గెలిచింది మిఠాయి దుకాణం ఓంప్రకాశ్ సేటు కోడలు మానస. ఊరేగింపులో దండలన్నీ సేటు మెడలోనే పడ్డాయి. పాండురంగం రెండు రోజులు ఓట్ల లెక్క కూడుతూనే కూచున్నాడు. నిర్మల మాత్రం కొట్టు తెరిచి, ఆయన కలిపేసిన ఆకుపచ్చలన్నీ మళ్లీ వేరుచేసి సర్దుకుంది.

పది రోజులకు మానస ఒక చీర పట్టుకుని కొట్లోకి వచ్చింది. పాతికేళ్ల పిల్ల. ముక్క తీసుకున్నాక కూడా కదల్లేదు.

"ఆంటీ, నాకు వచ్చే ఫోన్లన్నీ మా మామయ్యే ఎత్తుతాండు. నిన్న ఒక మీటింగ్‌ల నా కుర్చీల కూడా ఆయనే కూచున్నడు." అని చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మీరు ఐతారం మీటింగ్ అన్నరు గదా. అదెట్ల చేయాలె?"

నిర్మల ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "చేసుడేముంది బిడ్డా? రా, కూచో. అడిగింది విను. తెలిస్తే చెప్పు, తెలవకపోతే కనుక్కొని చెప్త అను. ఈ ఐతారం మేమంతా ఉంటం."

ఆ ఆదివారం గల్లీలో జంపఖానాలు పరిచారు. నలభై మంది వచ్చారు. మల్లక్క బండి ఆపి మరీ వచ్చింది. మానస మోరీ పని కాగితం జిరాక్స్ తెచ్చి, నాలుగు మూలలా ఒత్తి గోడకు అతికించింది. నిర్మల ముందు వరసలో కూచుని మొదటి ప్రశ్న తనే అడిగింది. అంతలో ఓంప్రకాశ్ సేటు కారు దిగి, చొక్కా సర్దుకుంటూ, మధ్యలోకి నడవబోయాడు.

పాండురంగం లేచి ఎదురుపోయాడు. సేటు భుజం మీద చెయ్యి వేశాడు.

"రా సేటూ, చాయ్ తాగుదాం."

"అరె, అక్కడ మీటింగ్..."

"మనకు అండ్ల పని లేదు. నాకు అర్థం కావడానికి నెల పట్టింది. నువ్వు జర జల్ది అర్థం చేసుకో."

ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద కూచున్నారు. గల్లీ అవతల నుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఒకరు అడుగుతున్నారు, మానస చెప్తోంది. ముందు సన్నగా, తర్వాత కొంచెం గట్టిగా. సేటు రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ పాండురంగం ఇంకో బిస్కెట్ చేతిలో పెట్టాడు.