ఇంజన్ మౌంటింగ్‌కి తగిలిన దిష్టి

నిన్న హయత్‌నగర్‌లో ఒక ఫంక్షన్‌కి వెళ్లి చేతి మహిమ ఉన్న మనిషినై తిరిగొచ్చాను. నవ్వకండి, చెప్పేది వినండి.

మా పాత డీజిల్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, సీట్లతో సహా వణికేది. నడుము పట్టేస్తోందని అత్తమ్మ దాన్ని ఎక్కడమే మానేసింది. ఇప్పుడు ఆడపడుచు కూతురి ఫంక్షన్‌కి కూడా ఆటోలో దిగిందంటే, కోడలికి కారుండి ఏం లాభమని చుట్టాలంతా అంటారు. నా బాధ అది.

అందుకే మొన్న ఎల్బీనగర్‌లో ఇంజన్ మౌంటింగ్‌లు మార్పించాను. ఇంజన్ కింద దిండ్లలా ఉంటాయి. కొత్తవాటి లోపల ఆయిల్ లాంటిది ఉంటుందట. బండి ఆగినప్పుడు ఒక సన్న రబ్బరు పైపు గాలి లాగి వాటిని మెత్తగా చేస్తుంది, నడిచేటప్పుడు అవే గట్టిపడతాయి. మెకానిక్ ఇంజన్ ఆన్ చేసి బానెట్ మీద నిండు టీ గ్లాసు పెట్టాడు. చుక్క ఒలకలేదు. ఎంత సంతోషమేసిందో.

ఇంత బాగైతే దిష్టి తగలదూ? పనిగట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి నిమ్మకాయా మిరపకాయల దండ కొన్నాను. పోయినసారి బంపర్‌కి కడితే ఎవరో తెంపుకుపోయారు. ఈసారి మన్సూరాబాద్‌లో ఇంటి ముందు కారు ఆపి, తెలివిగా బానెట్ లోపల, చేతికందిన పైపుకి బిగించి ముళ్లేశాను.

నిన్న పొద్దున అత్తమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. నేను ఇంజన్ ఆన్ చేసి, ఆమె చేతిలోని టీ గ్లాసే తీసుకుని బానెట్ మీద పెట్టాను. గ్లాసు గడగడలాడుతూ అంచుదాకా నడిచి, ఆమె కుచ్చిళ్ల మీదకి దూకింది.

"గిదేనా నీ రిపేరు? ఆటో పిలువు" అంది. అరిచినా బాగుండేది.

మెకానిక్ ఫోన్ ఎత్తలేదు. ఏం చూడాలో తెలియక, ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తాను. అత్తమ్మ కూడా తొంగిచూసింది. వేడి ఇంజన్ మీద కట్టానేమో, దండ వాడిపోయి నల్లబడింది.

"చూసినవా, దిష్టి మొత్తం గుంజుకున్నది. తీసెయ్ జర."

కత్తెర తెచ్చి దారం కోశాను. నొక్కుకుపోయిన ఆ సన్న రబ్బరు పైపు మళ్లీ ఉబ్బింది. వణుకు ఠక్కున ఆగిపోయింది. పైపు పీక నొక్కింది నేనేనని అప్పుడు వెలిగింది. చెబుదామని తిరిగేసరికి అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని బెల్ట్ కోసం వెతుక్కుంటోంది. ఎక్కిన మనిషిని దింపుకోవడం ఎందుకని నోరు మూసుకున్నాను.

ఫంక్షన్‌లో ఆమె ఊరుకుందా? నా నిమ్మకాయ సంగతి భోజనాల బంతిలో అందరికీ చెప్పింది. బయటికొచ్చేసరికి ఆడపడుచు మరిది తన కారు బానెట్ ఎత్తి, ఎక్కడ కొన్నాడో నిమ్మకాయల దండ పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, మా బండి గూడ మస్తు వణుకుతుంది. జర నీ చేత్తోనే కట్టు."

నాకు తెలిసిందల్లా ఏ పైపుకి కట్టకూడదో అదొక్కటే. అదీ మా కారులో. అత్తమ్మ చూస్తోంది కదా, కళ్లు మూసుకుని కట్టేశాను.