సిమెంటు పోసిన మగ్గం గుంటలు

మా షెడ్డు మీద పంచాయతి పెట్టిన నాటికి పెద్దబాపు షోలాపూరు మిల్లులకు పోవడానికి సామాను కట్టుకొని ఉన్నాడు. ఆ మాట దాచలేదు కూడా. అంతకు వారం ముందే మా గడపలో నిలబడి బాపుతో చెప్పాడు.

"తమ్మీ, వచ్చే ఆయితారం దాక చూస్త. గుత్తెదారు గుంటలు బాగుచేస్తే ఉంట. లేకుంటే నేనూ నా ముగ్గురు కొడుకులూ బస్సెక్కుతం. తిట్టుకోకు."

"తిట్టుకుంటనా అన్నా," అన్నాడు బాపు. పెద్దబాపు పోయినాక మాత్రం చాలాసేపు గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

షెడ్డులో ఆరు మగ్గాలు. నాలుగింటి మీద పెద్దబాపు, ఆయన కొడుకులు. రెండింటి మీద బాపు, అమ్మ. నూలు తెచ్చేది, నేయించేది, బట్టను నల్లగొండ దుకాణాలకు వేసేది బాపు. ఆ నలుగురూ వెళ్లిపోతే దుకాణాలకు ఇచ్చిన మాట నిలబడదు. మాట నిలబడకపోతే మళ్లీ ఎవరూ బట్ట అడగరు. అప్పుడు మేమూ ఆ బస్సే ఎక్కాలి. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అమ్మ రొట్టెలు చేస్తూ చేస్తూ ఆగిపోయేది, అంతే.

అంతకుముందు మేము కట్టంగూరుకు అవతల ఒక మట్టింట్లో కిరాయికి ఉండేవాళ్లం. మగ్గాలన్నీ ఆ ఇంట్లోనే. ఇంటి వాళ్లు తమ ఇల్లు తమకు కావాలన్నారు. బాపు సడక్ పక్కన జాగా చూసి, ఇక ఒకరి గోడల మధ్య బతకవద్దని షెడ్డు మొదలుపెట్టాడు. ఊరి మేస్త్రీతో కట్టించుకోమని అందరూ అన్నారు. బాపు వినలేదు. సర్కారు లైసెన్సు ఉన్న గుత్తెదారు దగ్గరికి పోయాడు. ఆయన బడి కట్టినవాడు, సడక్ మీద మోరీలు కట్టినవాడు. లైసెన్సు కాగితానికి అద్దం వేయించి దేవుళ్ల పటాల వరుసలో పెట్టుకున్నాడని బాపు వచ్చి సంబరంగా చెప్పాడు. "తప్పు పని చేస్తే ఆ కాగితం సర్కారు గుంజుకుంటది. గందుకే తప్పు చెయ్యడు," అన్నాడు.

ఒప్పంద కాగితం నేనే రాశాను. ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కతినే. రాతి గోడలు, పెంకల కప్పు, మట్టి నేల, మట్టితో మెత్తిన ఆరు గుంటలు. బాపు చెప్పినట్టే రాశాను.

గుంట మగ్గం చూడనివాళ్లకు ఇందులో ఏముందో తెలియదు. నేసేవాడు నేల మీద కూర్చొని కాళ్లు గుంటలోకి వేసి కింది కట్టెలు తొక్కుతాడు. పడుగు నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. పొద్దున్నే అమ్మ గుంటలలో, చుట్టూ నేల మీద నీళ్లు చిలకరించేది. మట్టి ఆ నీటిని తాగి పగలంతా చల్లగా వదిలేది. ఆ చల్లదనానికే గంజి పెట్టిన పోగు మెత్తగా ఉంటుంది. ఆ చల్లదనం లేకుంటే ఎండుగడ్డిలా పుటుక్కున తెగుతుంది.

గుత్తెదారు దగ్గర బడి పని మీద మిగిలిన సిమెంటు బస్తాలున్నాయి. పర్మిటు లేనిదే సిమెంటు కంటికి కనబడని కాలం. వానలు పడితే అవి బస్తాలలోనే గడ్డకడతాయని ఆయన ఫికర్. మా షెడ్డులో నేలకూ గుంటలకూ ఆ సిమెంటే పోశాడు. నేల అద్దంలా వచ్చింది. చైత్రంలో మగ్గాలు దించాము. ఎండలు ముదిరేసరికి పోగులు తెగడం మొదలైంది. అమ్మ నీళ్లు చిలకరిస్తే సిమెంటు మీద అరగంటలో ఆరిపోయేవి. గుంటలో పోస్తే నిలిచి, తొక్కేవాళ్ల పాదాలు నాని తెల్లబడేవి. పోగు మాత్రం తెగుతూనే ఉండేది.

తెగిన పోగులు అతికేది నేను. ఒక మగ్గం దగ్గర అతికి లేచేలోగా ఇంకో మగ్గం నుంచి పిలుపు. పగలు మూరెడు నేసేవాళ్లు బెత్తెడు నేశారు. ఎవరితోనూ మాట్లాడే అలవాటు లేనిదాన్ని కనుక ఆ రోజులన్నీ నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఏ మగ్గం మీద ఎన్ని పోగులు తెగినాయో గీతలు గీసి పెట్టుకున్నాను. చదివిన పుస్తకాల గురించి, అమ్మ మీద వచ్చిన కోపం గురించి, పెద్దబాపు చిన్న కొడుకు పాడే పాటల గురించి కూడా అందులోనే రాశాను.

బాపు గుత్తెదారు ఇంటికి నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి నన్ను వెంట తీసుకుపోయాడు, కాగితం చదివి చూపడానికి. గుత్తెదారు అరుగు మీద కూర్చొని వక్క కొరుకుతున్నాడు.

"మట్టి అడిగినవ్, సిమెంటు ఇచ్చిన. తక్కువ ఇస్తె కొట్లాటకు రావాలె గాని ఎక్కువ ఇస్తె వస్తరా ఎవరన్న? బడి పిల్లలకు లేని నేల నీ మగ్గాలకు ఉన్నది."

"పోగు నిలుస్తలేదు సారూ."

"పోగు నిలువకుంటే నీ నేతగాండ్ల చేతులు చూసుకో. నా నేలకు నోరుంటే ఏడుస్తుండె."

ఆ తరువాత బాపు నల్లగొండలో పెద్ద ఇంజనీరుకు అర్జీ పెడతానన్నాడు. ఆ మాట గుత్తెదారుకు చేరింది. అర్జీ పోతే లైసెన్సు మీదికి వస్తుంది. మర్నాడే మనిషితో కబురు చేశాడు. "పంచాయతి పెట్టించు, వస్త. అర్జీ మాత్రం వద్దు. ఓవర్సీరు సాబు ఏం చెప్తె అది ఇద్దరం కట్టుబడదాం."

ఓవర్సీరు సాబు పింఛను తీసుకుంటున్న ముసలాయన. ఒకప్పుడు గుత్తెదారు కట్టిన మోరీలను కొలిచింది ఆయనే. మా బట్ట తప్ప వేరే లుంగీ కట్టడు. అందుకని ఇద్దరికీ సమ్మతమైంది.

శనివారం పొద్దున షెడ్డులో కూర్చున్నారు. మగ్గాలు ఆపేశారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఓవర్సీరు సాబు కళ్లద్దాలు పెట్టుకొని, టేపు పట్టించి గోడలు కొలిచాడు. గుంటల లోతు కొలిచాడు. చేతికర్రతో నేల మీద కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"కామ్ అవ్వల్ ఉన్నది భాయి," అన్నాడు బాపుతో. "గిసుంటి నేల నా ఇంట్ల లేదు. నా బేగం చూస్తె నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తది."

అందరూ నవ్వారు. గుత్తెదారు గట్టిగా నవ్వాడు. బాపు నవ్వలేదు.

"సాబ్, ఒక్క గడియ మగ్గం ఆడిస్త. చూడుండ్రి."

పెద్దబాపు కూర్చున్నాడు. పేక పోగుతో నాడె పది సార్లు అటూ ఇటూ పోయిందో లేదో రెండు పోగులు తెగాయి. ఓవర్సీరు సాబు వంగి చూశాడు. గుత్తెదారు, "కావాలని తెంపిండు," అన్నాడు.

పెద్దబాపు చేతులెత్తి ఆయన ముందు పెట్టాడు. "నలబై ఏండ్ల సంది నేస్తున్న. నా పోగు నేనే తెంపుకుంటనా? నువ్వు కట్టిన గోడ నువ్వు కూలగొట్టుకుంటవా?"

"సరే, సరే," అన్నాడు సాబు. "గుత్తెదారు సాబ్, కాగితంల మట్టి అని ఉన్నది. సిమెంటు ఎందుకు పోసినవ్?"

"ఈయననే అడుగుండ్రి. పోసిన దినం ఇక్కడనే ఉన్నడు. చూసి సంబరపడ్డడు."

బాపు లేచి నిలబడ్డాడు. "అబద్ధం. ఆ దినం నేను నల్లగొండ పోయిన. వచ్చే వరకు పోసి పెట్టిండు. చూస్తె వద్దననా?"

అది బాపు చెప్పిన అబద్ధం. నాకు తెలుసు. బాపు అబద్ధమాడటం నేను అంతకుముందు వినలేదు. పెద్దబాపు ఆ మాటనే నమ్మి అన్ని రోజులు గుత్తెదారును తిట్టుకుంటూ వేచి ఉన్నాడని కూడా తెలుసు.

"సాక్ష్యం ఏమున్నది?" అన్నాడు సాబు.

"పోగులు తెగిన దానికైతే ఉన్నది సాబ్. మా బిడ్డ దినాం రాసిపెట్టింది." బాపు తలుపు వైపు తిరిగాడు. "బిడ్డా, నీ బుక్కు పట్టుకరా. సాబుకు చదివి వినిపియ్యి."

బాపుకు అక్షరాలు రావు. నా బుక్కులో గీతలే ఉంటాయని అనుకున్నాడు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి తోసింది. బుక్కు తెచ్చి, తల వంచుకొని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. గీతలున్న పేజీలు చాలా వెనక ఉన్నాయి. అక్కడికి తిప్పి చదవవచ్చు. కాని తిప్పాలంటే ఒక క్షణం ఆగాలి. ఆగితే అందరూ ఎందుకు ఆగిందని చూస్తారు. అప్పుడు తలెత్తాలి. అంతమంది మగవాళ్ల మధ్య నాకది చాతకాలేదు. కళ్లు కాగితం మీద, నోరు దాని వెంట పోయింది. గోడలు లేచిన రోజు చదివాను. పెంకలు వేసిన రోజు చదివాను. ఆ వాక్యం వస్తున్నదని కనిపిస్తూనే ఉంది.

"ఈ రోజు సిమెంటు పోసినారు. మట్టి వద్దు, ఇది వేస్తానని గుత్తెదారు అడిగితే బాపు సరేనన్నాడు."

అప్పుడన్నా ఆపాలి. ఆపలేదు.

"నేల ఆరినాక బాపు చెప్పులు విడిచి ఈ గోడ నుంచి ఆ గోడ దాక నడిచినాడు. మన బతుకుల గిసుంటి నేల మీద నడుస్తమని అనుకున్ననా అన్నాడు. బాపు అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు."

ఓవర్సీరు సాబు నా చేతిలోంచి బుక్కు మెల్లగా తీసుకున్నాడు. "చాలు బేటీ."

నేను తలుపు వెనక్కు పోయాను. గుత్తెదారు గెలిచినట్టు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. "నేను చెడగొట్టాలని పోయలేదు. వట్టిగ గడ్డకట్టిపోతదని పోసిన," అన్నాడు.

సాబు కళ్లద్దాలు తుడుచుకొని పెట్టుకున్నాడు. "గుత్తెదారు సాబ్, కాగితం మార్చకుండ పని మార్చినవ్. గది నీ తప్పు. చూసి సరేనని, ఇయ్యాల లేనన్నవ్. గది నీ తప్పు భాయి. మూడు గుంటలు, వాటి చుట్టున్న నేల గుత్తెదారు పగలగొట్టి మట్టితోని చేసియ్యాలె. కడమ మూడు నీవి. అర్జీ గిర్జీ లేదు. ఒప్పుకున్నట్టేనా?"

ఇద్దరూ తలలూపారు. తగువు తీరిపోయింది. సాబు మంచినీళ్లు అడిగాడు.

అప్పుడు పెద్దబాపు లేచాడు. బాపు దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేటట్టు కాదు, మామూలుగానే అన్నాడు. "తమ్మీ, నాకన్న చెప్పద్దా? గుత్తెదారు ముంచిండని నెల సంది వాణ్ణి తిడుతున్న. నా నోటితోని తిట్టిచ్చినవ్ గదరా."

"అన్నా, చెప్తే పోతవని..."

"చెప్తే ఉంటుంటి."

బాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గుంటలు బాగవుతాయి, ఇంకొక్క పక్షం ఆగమన్నాడు. పెద్దబాపు చెయ్యి విడిపించుకోలేదు, ఊరికే నిలబడి ఉన్నాడు. బాపే వదిలాడు. ఆదివారం పొద్దున వాళ్లు నలుగురూ సడక్ మీద బస్సెక్కారు. ఆడవాళ్లు, పిల్లలు తరువాత పోతారట. నేను బయటికి రాలేదు. పాటలు పాడే చిన్న కొడుకు వచ్చి నా పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు.

గుత్తెదారు మనుషులను పంపి మూడు గుంటలూ చేయించాడు. మాట తప్పలేదు. మిగిలినవి బాపు గడ్డపారతో తానే పగలగొట్టాడు. ఆ సిమెంటు చాలా గట్టిది. దెబ్బకు నిప్పులు లేచేవి గాని పెచ్చు లేచేది కాదు. అమ్మ, నేను పెళ్లలు ఎత్తి బయట పోశాము. బాపు నాతో మాట్లాడలేదు. తిట్టలేదు కూడా. తిడితే బాగుండునని ప్రతి రోజూ అనుకున్నాను. అన్నం పెడితే తినేవాడు, నీళ్లిస్తే తాగేవాడు, నా వైపు చూసేవాడు కాదు. సాబు తిరిగి ఇచ్చిన బుక్కు నేను మళ్లీ తెరవలేదు. ఇది వేరే బుక్కు.

గుంటలు ఆరాయి. ఆరు మగ్గాలూ మట్టిలో దిగాయి. అమ్మ నీళ్లు చిలకరించింది. నేల చల్లబడింది. బాపు ఒక మగ్గం మీద, అమ్మ ఒక మగ్గం మీద కూర్చున్నారు. రెండు జాముల దాకా ఒక్క పోగు తెగలేదు. పెద్దబాపు మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. నల్లగొండ దుకాణాయన మనిషి రెండుసార్లు వచ్చి పోయాడు. మూడోసారి ఉత్తచేతులతో పోతే ఇక రాడు.

బాపు నాడె ఆపి లేచి, పెద్దబాపు మగ్గం దగ్గరికి వచ్చాడు. నేను అక్కడ కండెలు చుడుతున్నాను. ఆ చీర అంచును వేలితో తడిమి చూశాడు. మా వంశంలో పెళ్లికాని ఆడపిల్లను మగ్గం మీద ఎవరూ కూర్చోబెట్టలేదు.

"దిగు," అన్నాడు.

నేను రాట్నం పక్కకు పెట్టి గుంట అంచున కూర్చొని కాళ్లు లోపలికి వేశాను. కట్టెలు అందలేదు. బాపు ఒక మోకాలి మీద కూర్చొని నా పాదం పట్టి కట్టె మీద పెట్టాడు.

"గట్టిగ కాదు. మెల్లగ తొక్కు."

పదమూడు రోజుల తరువాత బాపు నాతో ఆడిన మాటలు అవే.