బోణీ వేళకు వచ్చిన యంత్రాలు

మొన్న శుక్రవారం, చూలై పేటలో ఉన్న మా చెల్లెలి మనవరాలికి పెళ్లి కుదిరిందని కబురు వస్తే, బాసికాల జత నేనే ఎంచి పంపుదామని భోజనాలయ్యాక ఫోను తెరిచి మా దుకాణం పేజీలోకి పోబోయాను. గుమ్మం దగ్గరే తొమ్మిది గళ్ల బొమ్మ ఒకటి అడ్డం వచ్చి, మెట్లు ఉన్న గళ్లన్నీ నొక్కమంది. నొక్కాను. ఒక గడిలో ఏదో పాత ఇంటి ముందు ఎత్తుగా రాతిబండ ఉంది. అది మెట్టో అరుగో తేల్చుకునేలోగా గడువు తీరిపోయి ఇంకో తొమ్మిది గళ్లు వచ్చాయి, వాటి తర్వాత మరో తొమ్మిది. కోడల్ని కేకేద్దామంటే ఆమె కింద దుకాణంలో బేరంలో ఉంది, నా మోకాళ్లేమో మేడమెట్లు దిగనివ్వవు. కాపరానికి వచ్చిన నాటినుంచి నా బతుకంతా గడిచిన దుకాణం ముందు, నేను మనిషినేనని ఒక యంత్రాన్ని నమ్మించలేక, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుండిపోయాను. నా ఈడు వాళ్లకు ఈ అవస్థ కొత్త కాదు. కానీ ఆ కాపలాను అక్కడ పెట్టుకున్నది మేమే. ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో చెబుతాను.

మాది వాషర్‌మెన్‌పేట్‌లో పెళ్లిసామాను దుకాణం. బాసికాలు, అడ్డుతెరలు, తలంబ్రాల పళ్లేలు, పూలజడలు, జీలకర్రా బెల్లం పెట్టే చిన్న గిన్నెలు, ఇట్లాంటివన్నీ. మధురై నుంచీ సేలం నుంచీ కూడా, తరతరాలుగా ఈ తమిళ నేలమీద స్థిరపడిన తెలుగువాళ్లు పెళ్లి కుదరగానే మా వీధి వెతుక్కుంటూ వచ్చేవారు. కింద దుకాణం, పైన కాపరం. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో దుకాణం ముందు నల్లరాతి అరుగు ఉండేది. ఆ అరుగు మా అత్తగారి రాజ్యం. వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, చెంబుతో మంచినీళ్లు ఇచ్చి, ఎవరి పెళ్లమ్మా అని అడిగేది. అంతే, ఇక వాళ్లు చెప్పుకుంటూ పోయేవారు. పిల్ల ఏం చదివింది, పిల్లాడి మేనత్త ఎందుకు అలిగింది, అన్నీ. నేను లోపల కిటికీ దగ్గర పూసలు గుచ్చుతూ వినేదాన్ని. అయిదో తరగతితో బడి మానేసిన నాకు ఆ కిటికీయే పై చదువు. ఏ ఇంటివాళ్లు ఏ రంగు అడ్డుతెర కొన్నారో ఇప్పటికీ చెప్పగలను, అడిగేవాళ్లు లేరు గాని.

మా ఇంటివాళ్లకు రెండు పట్టింపులు ఉండేవి. పొద్దున బోణీ కాకముందు గడపలోకి వచ్చినవారిని వట్టి చేతులతో పంపకూడదు. కొననివాళ్లయినా సరే, పసుపు కొమ్ము ఒకటి చేతిలో పెట్టి పంపాలి. రెండోది, ఒకరు చేతపట్టుకున్న సరుకును ఇంకొకరికి చూపకూడదు. పట్టుకున్నామె ఎంతసేపు తడిమి చూసుకున్నా, పక్కనామె కాచుకోవలసిందే. అత్తగారు పోయాక మా ఆయన ఈ రెండింటినీ వేదంలా పట్టుకున్నారు. వీధి వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది, పట్టింపులు పోలేదు.

ఆ మాయరోగం వచ్చిన ఏడాది సంగతి మీకు వేరే చెప్పాలా. మా వీధికి ఆ చివరా ఈ చివరా రేకులు అడ్డం కట్టేశారు. దుకాణం షట్టరు దిగిపోయింది. అబ్బాయి అంబత్తూరులో తాను పనిచేసే ఫ్యాక్టరీలోనే చిక్కుకుపోయాడు. మేడమీద మిగిలింది ముగ్గురం, ఆయనా నేనూ కోడలూ. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెట్లు దిగి, మూసిన షట్టరును లోపలినుంచి ఓసారి తట్టి మళ్లీ పైకి వచ్చేవారు. గోడల మధ్య ఆయన తిరుగుతుంటే గాలి కూడా చాలనట్టుండేది. శ్రావణ ముహూర్తాల లోపల ఏదో ఒక దారి దొరక్కపోతే తాళంచెవి దుకాణం సొంతదారుకు ఇచ్చేస్తానని ఒకరోజు అన్నం కలుపుతూ అన్నారు. ఆ ముద్ద ఆయన తినలేదు.

దారి చూపించింది మా కోడలు. కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల, ఇంట్లోంచే పని. సామాను చేరవేసే బండ్లను వదలడం మొదలయ్యాక, దుకాణానికి ఒక వెబ్‌సైట్ కట్టింది. షట్టరు తెరవకుండానే జనం లోపలికి వచ్చి చూసుకుని కొనుక్కోవచ్చునట. ఆ పేజీని అందరికీ వడ్డించే మిషను ఎక్కడో దూరాన ఉంటుందనీ దాన్ని సర్వర్ అంటారనీ చెప్పింది. మా ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక మాత్రం తన పట్టింపులన్నీ అందులో పెట్టించారు. ఎవరైనా ఒక వస్తువును బుట్టలో వేసుకుంటే, వాళ్లంతట వాళ్లు వదిలేదాకా అది ఇంకొకరికి కనబడకూడదన్నారు. అట్లా ఎక్కడా పెట్టరు మామా అని కోడలు ఎంతో చెప్పిచూసి, ఆయన ముఖం చూసి, సరేనంది. ఫోను ఎత్తి మాట్లాడే పని నాకు ఇచ్చారు. కిటికీ వెనక కూర్చున్నదాన్ని ఆ వయసులో అరుగెక్కినట్టయింది. రంగు ఇంత ముదురా, జడ ఎంత పొడుగు అని అడిగేవారు. నేను ఎవరి పెళ్లమ్మా అని అడిగేదాన్ని. రేకుల వెనక ఇరుక్కున్న మాకు ఆ గొంతులే ఊరు.

శ్రావణం ఇంకా కొద్ది రోజులుందనగా ఒక తెల్లవారుజామున కోడలు కంప్యూటర్ ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. పేజీలోకి జనం వరదలా వస్తున్నారట. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. బాసికాలు బుట్టల్లోకి పోయాయి. అడ్డుతెరలు పోయాయి. పూలజడలన్నీ అయిపోయాయని తెర మీద వచ్చేసింది. ఆయన దేవుడి ముందు దీపం పెట్టి, నన్ను అట్టపెట్టెలు తీయమన్నారు. ఆ పూటంతా కూర్చుని సామానంతా సర్ది పెట్టెలు కట్టాం. హాల్లో కాలు పెట్టే సందు లేదు. పేర్లు తెలిస్తే రాసి పంపడమే తరువాయి అనుకున్నాం.

పేర్లు రాలేదు. ఫోనూ మోగలేదు. అదే నాకు వింతగా తోచింది. ఇంతమంది పెళ్లిసామాను ఏరుకుంటూ ఉంటే ఒక్క తల్లయినా జడ పొడుగు అడగదా? ఫోను చెవి దగ్గర పెట్టుకుని బతికే ఉందో లేదో చూసుకున్నాను. మధ్యాహ్నానికి పేజీ తెరుచుకోవడమే కష్టమైంది, సర్వర్ ఊపిరాడక కూలబడింది. కోడలు అన్నం పళ్లెం ముందు పెట్టుకునే ఏదేదో వెతికి, చివరికి తలెత్తింది.

"మామా, వీళ్లు మనుషులు కారు. బాట్లు."

"అంటే?"

"మిషన్లు మామా. ఎవరో మిషన్లకి చెప్పి తోలతాండారు. కొన్ని మన రేట్లు, ఫొటోలు ఎత్తుకపోతాండాయి. కొన్ని ఊరికే బుట్టలో వేసుకోని కూర్చోనుండాయి. కొనేదిల్లా, వదిలేదిల్లా."

"ఎవరు తోలేది?"

"ఎవరని చెప్పేది? ఏ దేశంలో ఉండారో కూడా తెలీదు. నేను అడ్డం పెట్టేస్తా. సందేహం వచ్చిన వాళ్లనంతా బయటే ఆపేస్తా, సెరియా?"

ఆయన చేయి కడుక్కుని వచ్చి, తుడుచుకుంటూ అన్నారు, "ఈ పొద్దు బోణీ అయిందా?"

"లేదు మామా."

"బోణీ కాకముందే తలుపేస్తావా? వచ్చినోళ్లలో నిజమైనోళ్లు ఒకరుంటే? సందేహమని మొగంమీద తలుపేస్తే, మా అమ్మ గోడమీది ఆ ఫొటోలోంచే నన్ను తిడతది."

కోడలు నావైపు చూసింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తలుపు తీసి ఉంచితే యంత్రాలు నింపేస్తాయి, వేస్తే ఇంటి మర్యాద పోతుంది. ఆయన మాట కాదనలేక ఆ పిల్ల తలుపు తెరిచే ఉంచింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. వీధిలో రేకులు, హాల్లో పేర్లులేని పెట్టెలు, కంప్యూటర్ లోపల కళ్లూ ముఖమూ లేని గుంపు. కిటికీ తెరిచినా ఉక్కపోసేది. ఇంట్లో ముగ్గురం పెట్టెల మధ్య పక్కకు ఒదుగుతూ నడిచేవాళ్లం, మాట తగులుతుందేమోనని మాట్లాడుకునేవాళ్లం కాదు. బయటినుంచి చూస్తే మా దుకాణం అంత కిటకిటలాడింది ఎన్నడూ లేదు; లోపల మాత్రం ఈగ వాలలేదు.

అట్లా ఉండగా ఒక పొద్దున ఫోను మోగింది. అంబత్తూరు నుంచి ఒక తల్లి. పిల్ల పెళ్లి ఇంట్లోనే చేస్తున్నారట, చుట్టాలు ఎవరూ రావడం లేదట.

"పెద్దమ్మా, మూడు దినాలుగా తెల్లారితే మీ పేజీనే చూస్తాండాను. ఒకతూరి తెరుచుకోదు, తెరిస్తే అన్నీ అయిపోయినాయంటది. మా అమ్మ పెళ్లికీ నా పెళ్లికీ బాసికం మీ అంగడిదే. ఒక్క జత కూడా లేదా?"

నా చుట్టూ బాసికాల పెట్టెలు నడుము ఎత్తున ఉన్నాయి. ఫోను ఆయన చేతికి ఇచ్చాను. ఆయన విన్నారు. ఉందమ్మా, ఈ పొద్దే పంపిస్తాం, ఏం బాధపడవద్దు అని చెప్పి, ఫోను పెట్టేసి పెట్టె మీద కూర్చున్నారు. మూడు పొద్దులూ బోణీకి వచ్చింది ఆ తల్లి. ఒకరినైనా వెనక్కి పంపకూడదని పట్టుబట్టి కూర్చుని, వచ్చిన ఆ ఒక్కరినే వెనక్కి పంపుకున్నాం.

కాసేపటికి కోడలు వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ పిల్ల తెలివి నాకు అప్పుడు తెలిసింది. గెలిచానన్న మాట ముఖంలో ఎక్కడా లేదు.

"మామా, మన అంగడి ముందర అరుగుండేదంటిరి గదా?"

"ఉండేది."

"వచ్చినోళ్లందరూ నేరుగా లోపలికి వచ్చేస్తారా, అరుగుమీద కూర్చుంటారా?"

"మా అమ్మ చూడకుండా ఎవురూ లోపలికి రారు."

"మరి అరుగుమీద కూర్చోబెడితే, వెనక్కి పంపినట్టా?"

ఆయన తలెత్తారు. ఇక ఆ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏదో ఇల్లు కట్టేవాళ్ల మాదిరి మాట్లాడుకున్నారు. ముందు పేజీ ఒకటి అరుగులాగా వేరే కట్టింది. దాని బరువు మా సర్వర్ మీద పడదు, వేరే చోటినుంచి వడ్డిస్తారు, ఎంతమంది వచ్చి కూర్చున్నా పరవాలేదు. లోపలి తలుపు దగ్గర మాత్రం మనిషో కాదో చూసే ప్రశ్న. ఒకే దిక్కునుంచి ఊపిరాడకుండా వచ్చేవాళ్లను నెమ్మదిగా వదలడం ఒకటి. బుట్టలో వేసుకుని ఉలకకుండా పలకకుండా కూర్చుంటే కాసేపటికి సరుకు తిరిగి అరలోకి పోవడం ఇంకొకటి. ఈ చివరిదానికి ఆయన కొంచెం నసిగి, చేతపట్టుకుని పక్క వీధికి పోయినామె కోసం మా అమ్మ కూడా కాచుకోలేదులే అని తనకు తానే చెప్పుకుని ఒప్పుకున్నారు.

ఒక్కటే షరతు పెట్టారు. అరుగు మీద ఒక మాట రాయించాలి: రండి, కూర్చోండి, మంచినీళ్లు తాగండి.

"మిషన్లకా మామా?" అని కోడలు నవ్వింది. "మంచినీళ్లు పోస్తే షాక్ కొడతది."

"దాని మర్యాద దానిది. మనది మనం చేయాల గదా."

మరునాడు బోణీ అయింది. పెట్టెలకు పేర్లు వచ్చాయి. గుంపు ఒక్కరోజులో పోలేదు గాని, అరుగు దాటలేదు. శ్రావణంలో నా గొంతు బొంగురుపోయేటంతగా ఫోను మోగింది. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండిపోయింది, ఆయన ఉన్నన్నాళ్లూ.

ఆయన పోయి రెండు వానాకాలాలు అయ్యాయి. ఇప్పుడు కొనేవాళ్లు ఫోను చేయరు, అన్నీ పేజీలోనే చూసుకుంటారు; నా చెవి పక్కన ఫోను ఊరికే పడి ఉంటుంది. యంత్రాలు మాత్రం మరీ తెలివి మీరాయట, మనుషుల మాదిరే నిదానంగా నొక్కుతాయట, అందుకని కోడలు తలుపు దగ్గర ప్రశ్నను కష్టం చేస్తూ పోతోంది. ఆమె తప్పేమీ లేదు. కానీ కష్టం చేసేకొద్దీ ముందు ఆగిపోతున్నది నాలాంటివాళ్లం. శుక్రవారం నాడు కోడలు పైకి వచ్చి, అయ్యో అత్తా, ఇంతసేపూ ఈడనే ఉండారా, నన్ను పిలవరాదా అని ఒక్క క్షణంలో లోపలికి తీసుకుపోయింది, బాసికాలూ ఎంచుకున్నాం.

అయితే ఆమె వచ్చేదాకా ఆ పేజీ ముందు చిక్కుకుని, చేసేదేమీ లేక, ఆయన రాయించిన మాటనే చదువుకుంటూ కూర్చున్నాను. రండి, కూర్చోండి, మంచినీళ్లు తాగండి. ఆ క్షణాన నా పక్కన ఆ అరుగు మీద ఎన్ని యంత్రాలు కూర్చుని ఉన్నాయో. ఒక్కదానికీ దాహం లేదు, ఒక్కదాని ఇంటా పెళ్లి లేదు. మా అత్తగారు తలుపు దగ్గర మెట్ల లెక్క ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. ఎవరి పెళ్లమ్మా అని ఎవరైనా నన్ను ఒక్క మాట అడిగి ఉంటే, చెల్లెలి మనవరాలి సంగతి మొదలుపెట్టి, ఆ మెట్లు ఏవీ ఎక్కకుండానే లోపలికి వెళ్లిపోయి ఉండేదాన్ని.