అడ్డుచెక్క మీది చారలు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్ నెలలో, కౌలాలంపూర్‌లోని ఒక మ్యూజియంలో నన్ను కలప వస్తువుల సంరక్షణ అధికారిగా వేశారు. చేతికొచ్చిన మొదటి ఫైలు బుగిస్ తెగవాళ్ల కెరిస్ ఒకదానిది. కెరిస్ అంటే ఇక్కడి సంప్రదాయపు బాకు. దీని పిడి, ఒర రెండూ కెమునింగ్ అనే పసుపు చెక్కతో చేసినవి. ఒర మూతి దగ్గర పడవ ఆకారంలో ఒక అడ్డుచెక్క ఉంటుంది. మంచి చారలున్న ముక్కను పనివాడు దానికోసమే దాచుకుంటాడు.

ఆ అడ్డుచెక్క పగిలింది. బాగుచేయమని జొహోర్‌లో ఉండే పాక్ దావుద్ అనే బుగిస్ పనివాడికి పంపాం. బాకు కూడా కావాలని ఆయన రెండుసార్లు అడిగాడు. నేనివ్వలేదు. పాతకాలపు ఇనుము, మార్చేస్తే ఎవడు చూడొచ్చాడు? బాకు అంచును కాగితం మీద గీసి, ఒరతోపాటు పంపి చేతులు దులుపుకున్నాను.

ఆరు వారాలకు ఒర తిరిగొచ్చింది. పెట్టె తెరిచి రిజిస్టరు ఫోటో పక్కన పెట్టి చూశాను. రిజిస్టరు ఫోటోలో గోధుమరంగు మీద నాలుగు మసక చారలున్నాయి. చేతిలో ఉన్నదాని మీద మబ్బు కమ్మినట్టు నల్లటి సుడులు! అసలుది దాచుకుని కొత్తది అంటగట్టాడనుకున్నాను. ఒళ్లు మండి, అప్పటికప్పుడు ఫోన్ చేసి ఆ మాటే అనేశాను. పాత వార్నిష్ మీద జిగురు పట్టక దాన్ని గీకేశానని, ఆ చారలు దాని కిందే ఉన్నాయని ఆయన మెల్లగా చెప్పాడు. నేను వింటేగా! ఆయన పేరు పనివాళ్ల జాబితాలోంచి కొట్టేయమని ఉత్తరం తయారుచేశాను. అది వెళ్లి ఉంటే ఏ మ్యూజియమూ ఆయన్ని గడప తొక్కనిచ్చేది కాదు.

స్టోరు చూసే నరసమ్మ బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో పుట్టిన మనిషి, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలిస్తుంది. నేను సంతకం పెట్టకముందే ఆ ఉత్తరం చదివేసింది.

"ఏటన్నా, బాకు ఎట్టి సూసినారా?"

"లేదు."

"సూడకుండానే దొంగని రాసేసినారా? ముందు ఎట్టి సూడండి లా!"

ఒరను ఏ బాకుకు ఆ బాకుకే తొలుస్తారు. కాగితం మీది గీత చూసి అంత సరిగ్గా తొలవడం ఎవరివల్లా కాదు, బాకును పదేపదే పెట్టి తీయాలి. మా బాకేమో స్టోరు దాటలేదు. పెట్టి చూశాను. అడుగుదాకా దిగి, అడ్డుచెక్క గాడిలో వెంట్రుక సందు లేకుండా కూర్చుంది. తలకిందులు చేసి ఊపినా కదల్లేదు. అడ్డుచెక్క అసలుదే. సిగ్గుతో నరసమ్మ ముఖం చూడలేకపోయాను.

ఉత్తరం చించేసి జొహోర్ వెళ్లాను. పాక్ దావుద్ మర్యాదకు లోటు చేయలేదు, కాఫీ ఇచ్చాడు. క్షమించమని అడిగితే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ రోజు ఫోన్ స్పీకర్‌లో ఉందట. నేనన్నదంతా ఆయన భార్య విన్నదట. ఈ క్షమాపణ కూడా ఆవిడ వినాలన్నాడు. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను లేచి, తప్పు నాదని, మీ ఆయన చేతిపనిలో ఏ మోసమూ లేదని చెప్పాను. ఆవిడ నేను తాగిన కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అనుమానించడం మా ఉద్యోగంలో భాగమే. అందుకే జీతమిస్తారు. కాకపోతే పరీక్ష పూర్తయ్యేదాకా అది ఫైలు దాటి బయటికి రాకూడదు. ఈ సంగతి నేను ఆవిడ ఎదుట నిలబడి నేర్చుకున్నాను.